తొందర వాళ్ళది, గొయ్యి మనది

పొలానికి గట్టు వేయాలంటే పక్క పొలం వాణ్ణి పిలిచి, ఎదురుగా నిలబెట్టి వేస్తాం. గూడెంలో ఒక పెద్ద చెట్టు కొట్టాలన్నా నలుగురు కూర్చుని మాట్లాడతారు. ఒకరు వద్దంటే ఎందుకు వద్దంటున్నారో వింటారు. రేపటికి వాయిదా వేస్తారు. చదువు రాని మన తాతముత్తాతలు నడిపిన పద్ధతి ఇది. చదువుకున్న ప్రభుత్వాలు మాత్రం భూమి కింద రెండు మూడు కిలోమీటర్ల లోతున ఏం చేయాలో తేల్చే చట్టాలను, ఆ భూమి మీద బతికేవాళ్ళకు ఒక్క ముక్క చెప్పకుండా మార్చేస్తున్నాయి. అలాంటి చట్టాలను మేము వ్యతిరేకిస్తున్నాం. ఎందుకు వ్యతిరేకిస్తున్నామో మన యువతకు, మన పిల్లలకు చదువు చెప్పే టీచర్లకు ఇక్కడ వివరంగా చెబుతాం.

ముందుగా ఒక ప్రశ్నకు జవాబు. "గ్యాస్ బావులు కోనసీమలో, పశ్చిమ గోదావరి పల్లపు చేలల్లో ఉన్నాయి. కొండ మీద ఉండే మీకెందుకు?" అని అడిగేవాళ్ళున్నారు. మన పిల్లలు కొందరు కూడా అడుగుతున్నారు.

మనకెందుకంటే గోదావరి ఒకటే కాబట్టి. శబరి వచ్చి కూనవరం దగ్గర కలిసిన నీరే పాపికొండల మధ్య నుంచి దిగి, ధవళేశ్వరం దగ్గర పంచుకుని కాలువల్లోకి వెళుతుంది. డెల్టా నేల అంతా ఎగువ నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రే. ప్రపంచంలోని డెల్టాల మీద 2009లో వచ్చిన ఒక శాస్త్రీయ అధ్యయనం, కుంగిపోతున్న ప్రమాదంలో ఉన్న డెల్టాల జాబితాలో గోదావరి పేరు కూడా చేర్చింది. కారణాలుగా అది చెప్పినవి రెండు ముఖ్యమైనవి. ఎగువన ఆనకట్టలు ఒండ్రును ఆపేయడం ఒకటి. దిగువన నేల కింది నుంచి నీరు, చమురు, గ్యాస్ తోడేయడం రెండు. ఎగువ ఆనకట్ట కోసం ఊళ్ళు వదిలింది మనం. దిగువ బావుల పక్కన కాపురం ఉంటున్నది డెల్టా రైతు, పాలేరు, మత్స్యకారుడు. నష్టం రెండు చోట్లా మొదలై ఒకే నేల మీద కలుస్తోంది. పైగా పోలవరం ముంపు నుంచి లేపిన మన కుటుంబాలు ఇప్పుడు గోకవరం వైపు, జంగారెడ్డిగూడెం వైపు కాలనీల్లో ఉన్నాయి. మైదానం బోరు నీళ్ళే ఇప్పుడు వాళ్ళ నీళ్ళు కూడా.

ఫ్రాకింగ్ అంటే ఏమిటి?

మామూలు గ్యాస్ బావిలో రాతి పొరల మధ్య చేరి ఉన్న గ్యాస్, బావి తవ్వగానే ఒత్తిడి మీద పైకి వస్తుంది. షేల్ అనే పలకరాయిలో గ్యాస్ అలా రాదు. రాయిలోనే బిగుసుకుని ఉంటుంది. దాన్ని తీయాలంటే నిలువుగా తవ్విన బావిని లోపల అడ్డంగా తిప్పి, నీరు, ఇసుక, రసాయనాలు కలిపి భారీ ఒత్తిడితో పంపి రాయిని పగలగొట్టాలి. పగులు మూసుకుపోకుండా ఇసుక నిలబెడుతుంది. ఆ పగుళ్ళలోంచి గ్యాస్ వస్తుంది. దీన్నే హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్, పొట్టిగా ఫ్రాకింగ్ అంటారు. కృష్ణా గోదావరి బేసిన్‌లో రాఘవాపురం షేల్ అని ఒక రాతి పొర ఉంది. కంపెనీల కన్ను దాని మీద ఉంది.

ఒక్కో బావికి లక్షల లీటర్ల నీరు కావాలి. కొన్ని చోట్ల కోటి లీటర్లు దాటుతుంది. పంపిన నీటిలో కొంత లోపలే ఉండిపోతుంది, కొంత ఉప్పుతో, రసాయనాలతో, రాతిలోని లోహాలతో కలిసి పైకి వస్తుంది. ఆ నీటిని ఎక్కడ పోస్తారు? డెల్టాలో ఎటు చూసినా కాలువ, బోదె, చెరువు, చేను. పోయడానికి ఖాళీ చోటంటూ లేదు. బావి చుట్టూ వేసిన సిమెంటు గట్టిగా లేకపోతే గ్యాస్, రసాయనాలు పై పొరల్లోని మంచినీటిలోకి రావచ్చు. డెల్టా తీరాన మంచినీటి పొర పలచగా ఉంటుంది, దాని కిందే ఉప్పునీరు. అక్కడ ఒకసారి పాడైన బోరు మళ్ళీ బాగుపడదు.

ఈ పని ప్రమాదం లేనిదని చెప్పేవాళ్ళు గోదావరి జిల్లాల చరిత్ర చదవాలి. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి పేలి మంటలు లేచాయి. ఆ మంట మార్చి 15 దాకా, 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ పైపులైను పేలింది. నిద్రలో ఉన్నవాళ్ళు, టీ తాగడానికి లేచినవాళ్ళు, 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. ఆ రెండూ ఫ్రాకింగ్ వల్ల జరిగినవి కావు. మామూలు బావి, మామూలు పైపు. మామూలు పనిలోనే ప్రాణాలు కాపాడలేని వ్యవస్థ, అంతకన్నా ఒత్తిడితో, అంతకన్నా ఎక్కువ బావులతో చేసే పనిని జాగ్రత్తగా చేస్తుందంటే ఏ లెక్కన నమ్మాలి?

చట్టాలు ఎలా మారాయో చూడండి

2013 అక్టోబరులో కేంద్రం షేల్ విధానం తెచ్చింది. ప్రభుత్వ చమురు సంస్థలకు పాత లీజు భూముల్లోనే షేల్ వెతుక్కునే వీలిచ్చింది. 2018 ఆగస్టులో ఆ వీలును ప్రైవేటు కాంట్రాక్టులకు కూడా విస్తరించింది. పాత లీజు అంటే అర్థం చేసుకోండి. మామూలు గ్యాస్ కోసం ఎప్పుడో ఇచ్చిన భూమి. ఊరివాళ్ళు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా, వాళ్ళకు తెలిసింది ఆ మామూలు బావి గురించే. ఇప్పుడు అదే కాగితం మీద వేరే పని.

2020 జనవరి 16న పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. చమురు, గ్యాస్ అన్వేషణ పనులన్నిటినీ, నేల మీదైనా సముద్రంలోనైనా, 'బి2' అనే తరగతిలోకి దించింది. ఆ తరగతిలో ఉన్న పనికి పర్యావరణ ప్రభావ నివేదిక అక్కర్లేదు, ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. ఉత్పత్తి దశకు పాత నిబంధన ఉంచారు కదా అంటారు. అన్వేషణ అంటే మ్యాపు చూడడం కాదు. అది కూడా బావి తవ్వడమే. షేల్‌లో గ్యాస్ వస్తుందో లేదో తెలియాలంటే అన్వేషణ బావిలోనే రాయి పగలగొట్టి చూడాలి. అంటే ప్రమాదం మొదలయ్యే దశలోనే ఊరి నోరు మూశారు. ఉత్పత్తి దశకు వచ్చేసరికి కోట్లు పెట్టాం, ఇక ఆపలేం అంటారు. ఈ మార్పుకు పార్లమెంటులో ఓటు కూడా జరగలేదు. ఒక్క నోటిఫికేషన్‌తో అయిపోయింది.

అదే ఏడాది మార్చిలో మొత్తం పర్యావరణ అనుమతుల పద్ధతినే మార్చే ముసాయిదా తెచ్చారు. కరోనా లాక్‌డౌన్‌లో మన వలస కూలీలు రోడ్ల మీద నడుస్తున్న రోజులవి. ముసాయిదా ఇంగ్లీషులో, హిందీలో మాత్రమే. అభ్యంతరాలుంటే పంపండి అన్నారు. తెలుగులోనే లేని కాగితానికి కోయ పిల్లవాడు, కొండరెడ్డి తల్లి ఏ అభ్యంతరం పంపుతారు? ఢిల్లీ హైకోర్టు జూన్ 30న జోక్యం చేసుకుని, రాజ్యాంగం గుర్తించిన 22 భాషల్లోకి అనువదించమని, గడువు ఆగస్టు 11 దాకా పెంచమని చెప్పాల్సి వచ్చింది. ఆ 22 భాషల్లో కూడా కోయ లేదు, కువి లేదు. అది వేరే పోరాటం.

2025 మార్చి 12న లోక్‌సభ చమురు క్షేత్రాల సవరణ బిల్లును ఆమోదించింది. అంతకు ముందు డిసెంబరులో రాజ్యసభ ఆమోదించింది. 1948 నాటి చట్టంలో ఖనిజ నూనెలు అనే మాటకు ఉన్న నిర్వచనాన్ని విస్తరించి షేల్ గ్యాస్, షేల్ ఆయిల్, బొగ్గు పొరల మీథేన్ అన్నీ చేర్చారు. పాత చట్టంలో నిబంధన మీరితే ఆరు నెలల వరకు జైలు, లేదా 1000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉండేవి. 1000 రూపాయలు నవ్వు పుట్టించే మొత్తం. పెంచాల్సిందే. పెంచారు, 25 లక్షల దాకా. తప్పు కొనసాగితే రోజుకు 10 లక్షల దాకా. అయితే జైలు తీసేశారు. రిజర్వు ఫారెస్టులో కట్టెలు కొట్టిన మనవాడికి అటవీ చట్టం కింద ఈనాటికీ జైలు ఉంది. వేల కోట్ల కంపెనీకి మాత్రం రశీదు చాలు. ఇంకో ముక్క కూడా గమనించండి. లీజు కాలంలో లీజుదారుకు నష్టం కలిగేలా షరతులు మార్చకూడదని ఆ చట్టం కంపెనీకి హామీ ఇచ్చింది. రేపు మన బోర్లు పాడయ్యాయని తేలితే, షరతులు బిగించండి అని అడిగితే, కంపెనీ ఈ వాక్యాన్నే తీసి చూపిస్తుంది. కంపెనీకి స్థిరత్వం రాసిచ్చిన చట్టం మన నీటికి, మన గూటికి ఏ స్థిరత్వం రాసిచ్చింది?

ఈ బిల్లుకు నెలలు పట్టింది కదా, తొందర ఎక్కడుంది అని అడగవచ్చు. ఢిల్లీలో ఎన్ని రోజులు ఉందన్నది మాకు లెక్క కాదు. బాధ భరించేవాళ్ళ దగ్గర ఎన్ని రోజులు ఆగిందన్నది లెక్క. మా గూడేలకు ఆ బిల్లు ఒక్క పూట కూడా రాలేదు.

కేంద్రాన్ని అని రాష్ట్రాన్ని వదిలేస్తే తప్పు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావ అంచనా చేయాలి. ఎవరు నష్టపోతారు, ఎంత నష్టపోతారు, ఈ పని అసలు అవసరమా అని ఊళ్ళో కూర్చుని లెక్క తీయాలి. ఆ నిబంధనను ఎత్తేయడానికి కేంద్రం 2014 డిసెంబరులో ఆర్డినెన్సు తెచ్చింది. దేశమంతా రైతులు తిరగబడితే 2015లో వదులుకుంది. కేంద్రం ముందు తలుపు నుంచి చేయలేని పనిని రాష్ట్రాలు దొడ్డి దారిన చేశాయి. ఆంధ్రప్రదేశ్ 2018లో తన సవరణ చట్టం తెచ్చింది. పారిశ్రామిక కారిడార్లు, మౌలిక వసతుల పనులు వంటి వాటిని సామాజిక ప్రభావ అంచనా నుంచి, ఆహార భద్రత అధ్యాయం నుంచి మినహాయించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చుకుంది. అన్నపూర్ణ అని పేరు పెట్టుకున్న డెల్టా ఉన్న రాష్ట్రం, ఆహార భద్రత అధ్యాయాన్నే పక్కన పెట్టుకుంది.

మనకు ముందే తెలిసిన కథ

డెల్టా రైతుకు ఇది కొత్తగా ఉండవచ్చు. మనకు పాతదే. 2014 మే 29న, తెలంగాణ పుట్టడానికి నాలుగు రోజుల ముందు, పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలుపుతూ ఆర్డినెన్సు వచ్చింది. జులై 11న లోక్‌సభ దాన్ని బిల్లుగా ఆమోదించింది. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు... ఈ ఊళ్ళవాళ్ళు ఒక రాష్ట్రంలో పడుకుని ఇంకో రాష్ట్రంలో లేచారు. ఏ గ్రామసభనూ అడిగి చేసిన మార్పు కాదు అది. పోలవరం పనులు ఆపమని పర్యావరణ శాఖ 2011లో ఇచ్చిన ఆదేశాన్ని పదే పదే పక్కన పెడుతూ వచ్చారు. పని మాత్రం సాగుతూ వచ్చింది. దాదాపు లక్ష కుటుంబాల బతుకు దాని కింద ఉంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు చింతూరు, కూనవరం, వేలేరుపాడు ఊళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. పరిహారం, పునరావాసం పూర్తి కాని కుటుంబాలు కొండలెక్కి టార్పాలిన్ల కింద తలదాచుకున్నాయి.

అడవి విషయంలోనూ అంతే. 2022 జూన్‌లో వచ్చిన అటవీ సంరక్షణ నియమాలు, అడవిని కంపెనీకి ఇచ్చే ముందు గ్రామసభ సమ్మతి తీసుకోవాలన్న షరతును బలహీనం చేశాయి. జాతీయ షెడ్యూల్డ్ తెగల కమిషన్ స్వయంగా అభ్యంతరం చెప్పింది. వినలేదు. 2023 జులై 26న అటవీ సంరక్షణ సవరణ బిల్లును లోక్‌సభ ఆమోదించింది. మణిపూర్ గురించి సభ అట్టుడుకుతున్న రోజులవి. ఆ గొడవ మధ్యే దేశంలోని అడవుల భవిష్యత్తు కొద్దిసేపట్లో తేలిపోయింది.

పద్ధతి ఒకటేనని మీకీపాటికి అర్థమై ఉంటుంది. ఏ చట్టం తీసుకున్నా ముందుగా కోసేది ఊరి మాటనే. మిగతావి ఉంటాయి. కమిటీ ఉంటుంది, అధికారి ఉంటాడు, జరిమానా ఉంటుంది, వెబ్‌సైటు ఉంటుంది. వద్దు అనే హక్కు ఒక్కటే ఉండదు.

వాళ్ళ వాదనలకు మన జవాబు

మొదటి వాదన: దేశానికి గ్యాస్ కావాలి, దిగుమతుల భారం తగ్గాలి. కావాలి, కాదనడం లేదు. కోనసీమలో గ్యాస్ తీయడం మొదలై దశాబ్దాలైంది. ఆ గ్యాస్ ఎక్కడికి వెళ్ళింది, ఆ పైపులు వెళ్ళిన ఊళ్ళకు ఏం మిగిలింది అని ముందు లెక్క చెప్పండి. ఆ లెక్క చెప్పకుండా కొత్త పద్ధతికి అనుమతి అడగడం, పాత బాకీ తీర్చనివాడు కొత్త అప్పుకు రావడం లాంటిది.

రెండో వాదన: అమెరికా చేస్తోంది కదా. అమెరికా ఎలా చేసిందో కూడా చదవాలి. అక్కడ 2005లో ఇంధన చట్టం చేస్తూ ఫ్రాకింగ్‌ను తాగునీటి రక్షణ చట్టం నుంచి చాలా వరకు మినహాయించారు. ఆ తర్వాతే బావులు వేలల్లో పెరిగాయి. 2012 జులైలో నార్త్ కరోలినా రాష్ట్రంలో ఫ్రాకింగ్‌కు దారి తెరిచే బిల్లును గవర్నరు తిరస్కరిస్తే, శాసనసభ రాత్రిపూట మళ్ళీ ఓటుకు పెట్టింది. ఒక సభ్యురాలు పొరపాటున వేరే బటన్ నొక్కారు. మార్చుకుంటానని అడిగినా, ఫలితం మారిపోతుంది కాబట్టి నిబంధన ఒప్పుకోలేదు. ఆ ఒక్క ఓటుతో బిల్లు చట్టమైంది. తొందర చట్టం అంటే ఇది. లక్షల మంది తాగే నీరు ఒక తప్పు బటన్ మీద ఆధారపడడం. అదే అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం ఆరోగ్య ప్రభావాలను ఏళ్ళ తరబడి పరిశీలించి, 2014లో ఫ్రాకింగ్ వద్దని ప్రకటించింది. ఫ్రాన్స్ 2011లోనే చట్టం చేసి నిషేధించింది. బ్రిటన్ ప్రభుత్వం 2019 నవంబరులో ఇంగ్లండ్‌లో ఆపేసింది, బావి దగ్గర భూమి కంపించిన తర్వాత. ఉదాహరణ కావాలంటే వీటిని కూడా చూపించాలి.

మూడో వాదన: గ్రామసభలు పెడితే ఏ పనీ ముందుకు సాగదు. ఒడిశాలోని నియమగిరి వైపు చూడండి. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, బాక్సైట్ తవ్వకం మీద గ్రామసభలనే అడగమంది. 12 గ్రామసభలు జరిగాయి. 12 ఊళ్ళూ వద్దన్నాయి. కొండ నిలిచింది. అక్కడ పని ఆగిందంటే గ్రామసభ వల్ల కాదు, ఆ పని ఆ ఊళ్ళకు అక్కర్లేనిది కావడం వల్ల. అడిగితే వద్దంటారని భయం ఉన్నచోటే అడగకుండా చట్టం చేస్తారు.

నెమ్మదిగా నడిచే చట్టం మన దగ్గరే ఉంది

మన యువత ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఆగి, అడిగి, ఆ తర్వాత చేయమనే పద్ధతి రాజ్యాంగంలోనే రాసి ఉంది. ఐదో షెడ్యూలు ప్రకారం పార్లమెంటు గానీ శాసనసభ గానీ చేసిన ఏ చట్టమైనా షెడ్యూల్డ్ ప్రాంతంలో వర్తించదని, లేదా మార్పులతో వర్తిస్తుందని గవర్నరు ప్రకటించవచ్చు. గిరిజన సలహా మండలిని సంప్రదించకుండా అక్కడ కొత్త రెగ్యులేషన్ చేయడానికి వీల్లేదు. 1/70 మనకు అలా మిగిలిన కవచమే. 1997 జులై 11న సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతర కంపెనీకి గనుల లీజు ఇవ్వకూడదని చెప్పింది. 1996లో పీసా, 2006లో అటవీ హక్కుల చట్టం, 2011లో మన రాష్ట్రపు పీసా నియమాలు వచ్చాయి. వీటిలో ఏదీ ఒకరు దయతో ఇచ్చింది కాదు. 2025 ఫిబ్రవరిలో పర్యాటకం పేరుతో 1/70 సవరణ మాట వినిపించగానే మన్యం బంద్‌తో జవాబు చెప్పింది. సవరించబోమని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. బిల్లు కాకముందే, మాటగా ఉన్నప్పుడే లేచాం కాబట్టి అది ఆగింది.

డెల్టా ఊళ్ళకు ఐదో షెడ్యూలు లేదు, 1/70 లేదు. అక్కడి దళిత పేటకు, మత్స్యకార పల్లెకు ఉన్న ఒకే ఒక్క రక్షణ ప్రజాభిప్రాయ సేకరణ. అదీ తీసేశారు. అందుకే వాళ్ళతో కలిసి నిలబడడం మన పని అంటున్నాం. పోలవరం కట్టేటప్పుడు డెల్టాకు నీళ్ళు కావాలని మనల్ని లేపారు. అప్పుడు మన కోసం మాట్లాడిన డెల్టా గొంతులు తక్కువే. ఆ మాట మనసులో ఉంది. ఉన్నా సరే, వాళ్ళ బోరు పాడైతే మన ఊరు తిరిగి రాదు. కక్ష వల్ల నీరు శుభ్రపడదు.

మేము అడుగుతున్నవి

ఒకటి. కృష్ణా గోదావరి బేసిన్‌లో ఫ్రాకింగ్‌కు సంబంధించిన ఏ అనుమతీ, డెల్టా భూగర్భ జలాల మీద, నేల కుంగడం మీద స్వతంత్ర అధ్యయనం జరిగి, తెలుగులో ప్రజల ముందు పెట్టేదాకా ఇవ్వకూడదు.

రెండు. 2020 జనవరి నోటిఫికేషన్‌ను రద్దు చేసి, అన్వేషణ బావులకు కూడా ప్రజాభిప్రాయ సేకరణ తిరిగి పెట్టాలి.

మూడు. భూమి, నీరు, అడవి మీద రాష్ట్రం తెచ్చే ప్రతి బిల్లునూ కనీసం 30 రోజులు తెలుగులో బయట పెట్టాలి. కేంద్రమే 2014లో ఈ 30 రోజుల విధానం ఒప్పుకుంది. అది విధానంగా కాదు, చట్టంగా ఉండాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో దాన్ని కోయ, కొండరెడ్డి పెద్దలకు వాళ్ళకు అర్థమయ్యే మాటల్లో గ్రామసభలో చదివి వినిపించాలి.

నాలుగు. రాష్ట్రం 2018లో తీసేసిన సామాజిక ప్రభావ అంచనాను తిరిగి పెట్టాలి.

టీచర్లకు, తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు

ఈ డిమాండ్లు రాసి పంపితే సరిపోదని మాకు తెలుసు. పని ఊళ్ళోనే ఉంది. ఆశ్రమ పాఠశాలల్లో, డిగ్రీ కాలేజీల్లో సివిక్స్ పాఠం చెప్పే టీచర్లు, బిల్లు చట్టం ఎలా అవుతుందో పుస్తకంలోని బొమ్మతో ఆపకండి. ఒక నిజమైన సవరణ తీసుకుని, పాత వాక్యం ఒక పక్క, కొత్త వాక్యం ఒక పక్క బోర్డు మీద రాయండి. ఏ మాట పోయింది, ఆ మాట పోతే ఎవరికి నష్టం అని పిల్లల్నే చెప్పమనండి. పదో తరగతి పిల్లకు ఆ తేడా తెలుస్తుంది.

చదువుకున్న యువత గ్రామసభ రిజిస్టరు దగ్గర కూర్చోవాలి. ఖాళీ పేజీ మీద సంతకం పెట్టనివ్వకండి. తీర్మానం రాశాక గట్టిగా చదివించండి. తేదీ, హాజరైనవాళ్ళ సంఖ్య చూడండి. ఫోనులో ఫోటో తీసి ఉంచండి. ఊరి బావులు, బోర్లు, ఊటలు ఎక్కడున్నాయో ఒక మ్యాపు గీసి, ఎండాకాలంలో ఒకసారి, వానాకాలం తర్వాత ఒకసారి నీటిమట్టం, ఉప్పదనం రాసి పెట్టండి. రేపు నీరు పాడైందని మనం అంటే, ముందు బాగుందని రుజువేమిటని అడుగుతారు. ఆ నోటు పుస్తకమే రుజువు. డెల్టాలో చదువుకుంటున్న మన పిల్లలు ఈ పనిని అక్కడి స్నేహితులకు కూడా నేర్పాలి.

చట్టం చేసేవాళ్ళకు చివరిగా ఒక మాట. ముసాయిదా తెలుగులో తెండి. గ్రామసభలో చదవండి. మేము వింటాం, అడుగుతాం, మాలో మేము మాట్లాడుకుంటాం, ఆ తర్వాత చెబుతాం. దానికి కొన్ని నెలలు పడితే పట్టనివ్వండి. ఆ రాయి కోట్ల ఏళ్ళుగా అక్కడే ఉంది, ఎక్కడికీ పోదు.